నిలంబూరు టేకు



ఇంగ్లండు తూర్పు తీరంలో హార్టిల్‌పూల్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ ట్రింకోమలీ అనే పాత యుద్ధనౌక ఇవాళ్టికీ నీళ్ల మీద తేలుతోంది. దాన్ని కట్టింది ఆ దేశంలో కాదు. 1817లో మన బొంబాయిలో, వాడియాలనే పార్సీ ఓడ మేస్త్రీల చేతుల్లో తయారైంది. నెపోలియన్‌తో యుద్ధాలకు ఓడలు కట్టీ కట్టీ ఇంగ్లండులో ఓక్ మానులు కరువయ్యాయి. అప్పుడు వాళ్ల చూపు మలబారు టేకు మీద పడింది. ఆ టేకుతో కట్టిన ఓడ రెండు శతాబ్దాలు దాటినా నిలిచి ఉంది.

మలబారు టేకు కథ మొదటినుంచి చివరిదాకా ఒకే చోట చూడాలంటే నిలంబూరు వెళ్లాలి. కేరళలో మలప్పురం జిల్లాలో, నీలగిరి కొండల పాదాల దగ్గర, చాలియార్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం అది. కోళికోడ్ నుంచి గూడలూరు మీదుగా ఊటీ పోయే రోడ్డు ఈ ఊళ్లోంచే వెళుతుంది. మనవాళ్లు ఊటీ చూస్తారు, మున్నార్ చూస్తారు, అలెప్పీలో పడవ ఎక్కుతారు. నిలంబూరులో మాత్రం బస్సు దిగరు. దిగాలని చెప్పడానికే ఈ ప్రసంగం.

వెళ్లేవాళ్లు రైల్లో వెళ్లండి. మన వైపు నుంచి కేరళ పోయే బండ్లు చాలావరకు పాలక్కాడ్ మీదుగా పోతాయి. పాలక్కాడ్ దాటాక షోరనూర్ జంక్షన్. అక్కడ మొదలై నిలంబూరు రోడ్ స్టేషన్ దగ్గర ఆగిపోయే పొట్టి లైను ఒకటుంది. పొడవు 66 కిలోమీటర్లు. ఒకే వరస పట్టాలు. రెండు వైపులా టేకు, మర్రి చెట్లు కనిపిస్తాయి. స్టేషన్లు చిన్నవి, ప్లాట్‌ఫారాల మీద మానులు పెద్దవి. దారిలో అంగాడిప్పురం వస్తుంది. ఇళ్లకు బిళ్లలుగా కోసే ఎర్రరాయిని అక్కడే చూసి, బుకానన్ అనే పరిశోధకుడు 1807లో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. నేలలో ఉన్నంతసేపు మెత్తగా ఉండి, కోసి గాలికి పెడితే గట్టిపడే రాయి అది. ఇవాళ అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం.

ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. అడవిలో కలపను బయటికి తేవడానికి దక్షిణ భారత రైల్వే కంపెనీ వేసింది. 1927 నాటికి బండ్లు నిలంబూరు దాకా నడిచాయి. 1941లో, రెండో ప్రపంచ యుద్ధంలో, ఇనుము కావాలని పట్టాలు పీకేశారు. పదమూడేళ్లు ఆ దారి మట్టికట్టగా పడి ఉంది. ప్రజలు అడగగా స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మళ్లీ పట్టాలు వేశారు. రైలు కోసం ఒక ఊరు ఎంత ఎదురుచూస్తుందో మన పల్లెటూళ్ల వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు కథలోకి వద్దాం. టేకు అడవి తరిగిపోతోందన్న సంగతి దొరలకు తొందరగానే తెలిసింది. 1806లో కెప్టెన్ వాట్సన్ అనే పోలీసు అధికారిని మలబారు, తిరువాన్కూరు అడవులకు కన్సర్వేటరుగా వేశారు. మన దేశంలో ఆ ఉద్యోగం చేసిన మొదటి మనిషి అతనే. అతను చేసిన పని అడవిని కాపాడటం అనడానికి నాకు మనసొప్పదు. టేకంతా ఈస్టిండియా కంపెనీదే అన్నాడు. భూస్వాములు తమ నేలలో చెట్టు కొట్టుకోవడానికి లేదు, వ్యాపారులు కొనడానికి లేదు, రైతు నాగలికి ఒక కర్ర తెచ్చుకోవడానికి లేదు. జనం గగ్గోలు పెట్టారు. చివరికి మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1823లో ఆ పదవినే ఎత్తేశాడు. మన్రో అంటే రాయలసీమ వాళ్లకు పరిచయం అక్కర్లేదు. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసినవాడు, 1827లో పత్తికొండలో కలరాతో పోయినవాడు. రైతు వైపు నుంచి చూస్తే ఆయన చేసింది న్యాయమే. కానీ చెట్టు వైపు నుంచి చూసేవాడు అప్పుడు ఎవడూ లేడు. ఆంక్ష పోగానే గొడ్డళ్లు మళ్లీ లేచాయి. నదికి దగ్గరగా ఉన్న మంచి మానులన్నీ ముందు పోయాయి, ఎందుకంటే మోసుకుపోవడం తేలిక.

1840లో హెన్రీ వాలెంటైన్ కనోలీ మలబారు కలెక్టరుగా వచ్చాడు. కొట్టడం ఆపలేం కాబట్టి నాటుదాం అన్నది అతని ఆలోచన. నిలంబూరు చుట్టుపక్కల నది ఒడ్డు నేలలు కౌలుకు తీసుకున్నాడు. ఇవాళ వినడానికి మామూలుగా ఉంటుంది. అప్పట్లో టేకును తోటగా వేయడం అంటే కొత్త సంగతి. టేకు అడవిలో దానంతట అది మొలిచే చెట్టు. దాన్ని విత్తి, నారు పోసి, వరసల్లో నాటి, ఎనభై ఏళ్ల తర్వాత కొట్టుకుందామనుకోవడం పెద్ద సాహసం. నాటినవాడు ఆ దుంగను కళ్లారా చూడడు. వాడి కొడుకు కూడా చూడడు.

మొదట అంతా నష్టమే. విత్తనం మొలవలేదు. టేకు కాయను చేత్తో పట్టుకుని చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. పైన బుడగలాంటి పొర, దాని లోపల నూగు, ఆ లోపల రాయిలాంటి పెంకు. దాన్ని మట్టిలో పెట్టి నీళ్లు పోస్తే ఏళ్లకేళ్లు అలాగే పడి ఉంటుంది. 1842, 1843లలో రకరకాల పద్ధతులు చేసి చూశారు, పెంకు పగలగొట్టి చూశారు, ఎండుగడ్డి వేసి కాల్చి చూశారు. ఫలితం లేదు.

అక్కడ చాతు మేనన్ వస్తాడు. కనోలీ కింద సబ్ కన్సర్వేటరు. మలయాళీ. అడవిలో విత్తనం ఎప్పుడు రాలుతుందో, ఏ వానకు మొలుస్తుందో ఎరిగినవాడు. వాళ్లకు చివరికి కుదిరిన పద్ధతి చాలా సాదాది. కాయల్ని ఒకటిన్నర రోజు నీళ్లలో నానబెట్టాలి. వేసవిలో, ఏప్రిల్‌లో, మడి కట్టి దగ్గర దగ్గరగా పెట్టాలి. పైన ఎండుగడ్డి పరచి రోజూ సాయంత్రం నీళ్లు చిలకరించాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మొలక వస్తుంది. జూన్‌లో రుతుపవనం తగిలేనాటికి నారు సిద్ధంగా ఉంటుంది. అప్పుడు పీకి వరసల్లో నాటాలి. వరి నారు పోసే ప్రతి రైతుకూ ఇందులో సగం తెలుసు. కీలకమంతా ఆ వేసవి తడిలో, వానకు సరిగ్గా అందించడంలో ఉంది. 1844 నుంచి తోటలు నిలబడ్డాయి.

చాతు మేనన్ 1842 నుంచి 1862 దాకా ఇరవై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాడు. పది లక్షలకు పైగా టేకు మొక్కలు నాటించాడు. కనోలీ 1855 సెప్టెంబరులో కోళికోడ్‌లో హత్యకు గురయ్యాడు. జైలు నుంచి తప్పించుకున్న ఖైదీలు ఆయన్ని ఇంట్లోనే చంపారు. కలెక్టరు పోయినా నాటడం ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఆ పని కలెక్టరు కచేరీలో జరిగేది కాదు. నారుమడి దగ్గర జరిగేది. కావడి మీద నీళ్లు మోసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, ఏనుగులు, అడవి పందులు తొక్కిన చోట మళ్లీ నాటినవాళ్లు చేసిన పని అది. ఆ తోటకు ఇవాళ కనోలీ ప్లాట్ అని పేరు. నన్నడిగితే ఆ పేరు పక్కన చాతు మేనన్ పేరు అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. అడవి శాఖ చరిత్ర రాసినవాళ్లు ఆయన్ని భారతదేశంలో టేకు తోటల పితామహుడని పిలిచారు, అది సబబే.

కనోలీ ప్లాట్‌కు ఊరికి దగ్గర్లోని అరువాకోడ్ నుంచి చాలియార్ దాటి వెళ్లాలి. ఇప్పుడు మిగిలింది 5.7 ఎకరాలు, సుమారు 2.3 హెక్టార్లు. 1846లో నాటిన చెట్లు. ప్రపంచంలో ఇంకా నిలబడి ఉన్న టేకు తోటల్లో అన్నిటికంటే పాతది ఇదేనంటారు. నాటినప్పుడు ఇది పద్నాలుగు ఎకరాల పైచిలుకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కువ భాగం కొట్టేశారు. పట్టాలు పోయిన కాలంలోనే మానులూ పోయాయి. 1943లో మిగిలిన ముక్కను ముట్టుకోకూడదని నిర్ణయించారు. అందులో నూటపదిహేడు చెట్లు లెక్కకు వచ్చాయి. కొన్ని నలభై మీటర్లు దాటాయి, అంటే పన్నెండు పదమూడు అంతస్తుల ఎత్తు. మొదలు దగ్గర నిలబడి తల ఎత్తితే మొదటి కొమ్మ ఎక్కడుందో వెతుక్కోవాలి. పక్కపక్కనే నాటడం వల్ల వెలుగు కోసం పోటీ పడి అంత తిన్నగా పెరిగాయి. మన ఊళ్లలో గట్టు మీద ఒంటరిగా ఉండే టేకుకు ఆ నిటారుతనం రాదు, కింద నుంచే కొమ్మలేస్తుంది.

ఒక మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా వెళ్లకండి. టేకు ఆకు రాల్చేసి మోడుగా ఉంటుంది, నేలంతా పెద్ద పెద్ద ఎండాకులు చప్పుడు చేస్తుంటాయి. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు మంచి కాలం. వెళ్లేముందు నది దాటే ఏర్పాటు నడుస్తోందో లేదో కనుక్కోండి. ఇక్కడి వేలాడే వంతెన 2019 వరదల్లో దెబ్బతింది.

ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో టేకు మ్యూజియం ఉంది. కేరళ అటవీ పరిశోధన సంస్థ 1995లో పెట్టింది. ఒక్క చెట్టు కోసం పెట్టిన మ్యూజియం. వాకిట్లోనే యాభై అయిదేళ్ల టేకు వేళ్లను కొసదాకా తవ్వి తీసి నిలబెట్టారు. పైకి కనిపించే మాను కింద భూమిలో ఎంత పని జరుగుతుందో అది చెబుతుంది. లోపల దుంగల కోతలు ఉంటాయి. వలయాలు లెక్కపెట్టుకుంటూ పోతే ఏ ఏడు వాన బాగా పడిందో, ఏ ఏడు ఎండిందో తెలుస్తుంది. బేపూర్‌లో కట్టే ఉరు అనే పెద్ద చెక్క ఓడ నమూనా ఉంది. కాగితం మీద గీత లేకుండా మేస్త్రీ జ్ఞాపకంతో కట్టే ఓడ అది. అరబ్బు వ్యాపారులు వందల ఏళ్లుగా బేపూర్ వచ్చి కట్టించుకునేవారు.

టేకుకు అంత గిరాకీ ఎందుకో కూడా అక్కడ కళ్లకు కడుతుంది. దాని చేవలో నూనె ఉంది, అందుకే చెద పట్టదు, నీటికి ఉబ్బదు. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకుల్ని తినేస్తుంది. టేకులో మేకు తుప్పు పట్టదు. ఓడలు కట్టేవాళ్లకు ఇది ప్రాణప్రదమైన గుణం. అందులో ఇసుకలాంటి సిలికా ఉండటం వల్ల రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి, కోత మిల్లుల వాళ్లు అందుకు విసుక్కుంటారు. నిలంబూరు టేకుకు బంగారు వన్నె, పొడవైన తిన్నని మాను ప్రత్యేకం. చాలియార్ తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, ఏడాదికి రెండు రుతుపవనాలు అందుకు కారణం. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పాత రోజుల్లో ఈ దుంగలు నది దారినే సముద్రానికి వెళ్లేవి. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకని దుంగలకు వెదురు కట్టలు కట్టి తెప్పలుగా చేసి, వాన నీటితో నది నిండిన రోజుల్లో వదిలేవారు. తెప్ప మీద మనుషులు నిలబడి గడకర్రలతో నడిపేవారు. బేపూర్, కల్లాయి రేవుల దాకా ప్రయాణం. కోళికోడ్ పక్కనున్న కల్లాయి ఒకప్పుడు ప్రపంచంలో పేరున్న కలప బజారు. అడవిలోంచి నది దాకా దుంగను ఈడ్చింది ఏనుగులు. ఇప్పుడు నిలంబూరులో అటవీశాఖ డిపోలున్నాయి. పొడవును బట్టి, చుట్టుకొలతను బట్టి దుంగల్ని వరసలుగా పేర్చి, కొసల మీద అంకెలు వేసి వేలం వేస్తారు. కొత్తగా కోసిన టేకు వాసన తోలు వాసనకు దగ్గరగా ఉంటుంది. డిపో గేటు దగ్గరికి వెళితేనే ముక్కుకు తగులుతుంది.

అరువాకోడ్‌లో ఆగాల్సిన ఇంకో కారణం ఉంది. అది కుమ్మరి ఊరు. అక్కడి కుంబార కుటుంబాలు తమ పెద్దలు ఆంధ్ర దేశం నుంచి తరాల కిందట వలస వచ్చారని చెప్పుకుంటాయి. వాళ్ల ఇంటి మాటలో ఇప్పటికీ తెలుగు పలుకులున్నాయి. అల్యూమినియం, స్టీలు గిన్నెలొచ్చి కుండలు కొనేవాళ్లు లేక ఆ కుటుంబాలు చాలా కష్టాలు పడ్డాయి. 1990లలో కొందరు కళాకారులు తోడు నిలిచాక గోడలకు అమర్చే మట్టి శిల్పాలు, పలకలు చేయడం మొదలుపెట్టి మళ్లీ నిలదొక్కుకున్నారు. కుంభం అనే పేరుతో వాళ్ల పనితనం కేరళ అంతా తెలిసింది. అన్నేళ్లు, అంత దూరం, చుట్టూ మలయాళం. అయినా మాట కొంత మిగలడం నాకు ఎంతో సంతోషమనిపించింది. వెళితే వాళ్ల దగ్గర ఏదైనా కొనండి, తెలుగులో పలకరించండి.

అయితే నిలంబూరును చూసి మురిసిపోయి రావడం సరిపోదు. టేకు తోట అడవి కాదు. అక్కడ ముందున్నది నూరు రకాల చెట్లున్న అడవి. దాన్ని కొట్టి ఒకే చెట్టును వరసల్లో నాటారు. తోట కింద నడిస్తే పక్షుల సవ్వడి, పొదలు, తీగలు పలచగా ఉంటాయి. ఆ అడవిలో బతికినవాళ్లకు తోటలో వాటా లేదు. పోడు చేసుకునేవాళ్లను అడవి శాఖ అడవి శత్రువులుగా చూసింది. నిలంబూరుకు అవతల కరుళాయి కొండల్లో చోళనాయకరు ఉంటారు. రాతి గుహల్లో, కొండచరియల నీడలో కాపురం చేస్తూ, తేనె, దుంపలు ఏరుకుని బతికిన జనం. కొన్ని వందల మందే మిగిలారు. టేకు ధర ఎంత పెరిగినా వాళ్ల బతుకుకు అందులోంచి వచ్చింది ఏమీ లేదు. వాళ్లను చూడటానికి వెళ్లకండి. మనుషుల్ని వింతగా చూడటం మర్యాద కాదు.

చాలియార్ కూడా మారింది. 2019 ఆగస్టు 8న నిలంబూరుకు దగ్గర్లోని కవళప్పార కొండ విరిగి ఊరి మీద పడింది. యాభై తొమ్మిది మంది పోయారు, కొందరి శవాలు దొరకనే లేదు. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయినప్పుడు శవాలు నిలంబూరు వైపు చాలియార్‌లో తేలాయి. స్థానికులు, అడవిలో దారులు తెలిసిన గిరిజనులు, రక్షణ బృందాలు నదికి అడ్డంగా దిగి వెతికారు. పట్టణంలోని ఆసుపత్రి ఆ మృతదేహాల్ని తీసుకుంది. ఒకప్పుడు దుంగల తెప్పలు నడిచిన నీళ్లలో మనుషుల శరీరాలు రావడం ఆ ఊరి వాళ్లు మర్చిపోలేరు. పైకొండల్లో అడవిని ఎలా చూసుకున్నామన్న ప్రశ్న కింది ఊళ్ల ప్రాణాలకు సంబంధించింది. రెండు వందల ఏళ్ల కిందట ఆ ప్రశ్న ఓడల కలపకు సంబంధించింది. ఇప్పుడు అలా వదిలేయడానికి లేదు.

ఈ ఊరి గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2022లో యునెస్కో నేర్చుకునే నగరాల జాబితాలో మన దేశం నుంచి మూడు పేర్లు చేరాయి. తృశ్శూరు, నిలంబూరు, మన వరంగల్లు. అడవి మధ్య చిన్న పట్టణం కాకతీయుల నగరం పక్కన నిలిచింది. ఊరి పెద్దలు బడికి వెళ్లని వాళ్లందరికీ చదువు చెప్పించాలని పట్టుబట్టి పనిచేసిన ఫలితం అది.

నిలంబూరు నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు తమ కలప చరిత్రను దాచుకున్నారు. తోట ఉంది, మ్యూజియం ఉంది, నాటినవాడి పేరు ఉంది. మనకూ అలాంటి చరిత్ర తక్కువ లేదు. పాపికొండల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమహేంద్రవరం దాకా దిగేది. పదిహేడో శతాబ్దంలో నరసాపురంలో ఐరోపా కంపెనీల ఓడలు ఆ నది తెచ్చిన కలపతోనే కట్టారు. ఆదిలాబాదు, జన్నారం, ఉట్నూరు టేకు నిజాం కాలం నుంచి పేరున్నది. తెప్పలు నడిపినవాళ్లు, దుంగలు ఈడ్చినవాళ్లు, కలప అడితుల్లో లెక్క రాసినవాళ్లు, రంపపు కోత పట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో తప్పకుండా ఉంటారు. మీ ఇంట్లో అలాంటి తాతగారు గానీ, అమ్మమ్మ గానీ ఉంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి. ఏ రేవులో దుంగలు దించేవారు, తెప్ప కట్టడానికి ఏ నార వాడేవారు, ఒక ప్రయాణానికి కూలి ఎంత, ఏ సుడి దగ్గర భయపడేవారు అని అడిగి రాసి పెట్టండి, వీలైతే గొంతు రికార్డు చేయండి. ఆకాశవాణికి పంపితే ఇంకా సంతోషం.